చిన్న విమానంలో ఇంధన ఫిల్టరు: ఎంపిక, లోపాల పరీక్ష

దారిలో మోటారు సైకిలుకు పెట్రోలు అందకపోతే పక్కకు ఆపి, పైపు ఊడదీసి నోటితో ఊది, మళ్ళీ కిక్కు కొడతాం. పొలంలో ట్రాక్టరు డీజిల్ ఫిల్టరు మూసుకుపోతే డ్రైవరు గట్టు పక్కన ఆపి, కొత్త ఫిల్టరు వేసి, గాలి తీసి స్టార్టు చేస్తాడు. రెండు చోట్లా పోయేది కాసేపు పని మాత్రమే. ఒకే ఇంజను ఉన్న చిన్న విమానానికి ఈ వెసులుబాటు లేదు. ఆకాశంలో పెట్రోలు అందకపోతే, ఉన్న ఎత్తు అయిపోయేలోగా దిగడానికి ఖాళీ స్థలం వెతుక్కోవాలి. అరచేతిలో పట్టే ఒక జల్లెడ మీద లోపల కూర్చున్న వారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మన వసతి గృహాల్లో చదివే వారిలో చాలామంది నాన్నలు, అన్నలు మెకానిక్ షెడ్లలో, ట్రాక్టర్ల మీద, బోరు మోటార్ల దగ్గర పనిచేసేవారే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. విమానం ఇంజను గురించి చదివేటప్పుడు మాకు ఒక సంగతి తెలిసింది. అది మనకు పరాయి విద్య కాదు. ట్రాక్టరు ఫిల్టరు విప్పిన చేతికి ఇందులో సగం ముందే తెలుసు. మిగతా సగం జాగ్రత్త, క్రమపద్ధతి, రాతపూర్వక నిబంధన. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ మిగతా సగం తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇంధనం నడిచే దారి

ఉదాహరణకు సెస్నా 172 విమానం తీసుకుందాం. 1955లో మొదట ఎగిరిన ఈ నాలుగు సీట్ల విమానం ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారైంది. ప్రపంచంలో ఎందరో పైలట్లు దీని మీదే నేర్చుకున్నారు. దీని రెక్కలు పైన ఉంటాయి, పెట్రోలు ట్యాంకులు ఆ రెక్కల్లోనే ఉంటాయి. మన హాస్టలు డాబా మీది నీళ్ళ ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు తమంతట తామే కిందికి కుళాయిలోకి వస్తాయి. కార్బ్యురేటర్ ఉన్న పాత రకం సెస్నా 172లో పెట్రోలు కూడా అలాగే బరువు వల్ల దిగి ఇంజనుకు చేరుతుంది.

ఆ దారిలో మూడు చోట్ల వడపోత ఉంటుంది.

1. ట్యాంకు నుంచి పెట్రోలు బయటికి వచ్చే చోట ముతక జల్లెడ. అమెరికాలో 2017 దాకా అమలులో ఉన్న పార్ట్ 23 నిబంధనల ప్రకారం పిస్టన్ ఇంజను విమానాల్లో దీనికి అంగుళానికి 8 నుంచి 16 గళ్ళు ఉండాలి. పెద్ద చెత్త గొట్టంలోకి దిగకుండా ఇది ఆపుతుంది.

2. వ్యవస్థ మొత్తంలో బాగా కింద ఉండే చోట గ్యాస్కొలేటర్. ఇది ఒక చిన్న గిన్నె. అందులో సన్నని జల్లెడ, అడుగున వదిలే కుళాయి ఉంటాయి. నీళ్ళు, మడ్డి ఇక్కడ కూర్చుంటాయి.

3. కార్బ్యురేటర్‌లోకి వెళ్ళే ముఖద్వారం దగ్గర మరో చిన్న జల్లెడ.

పైపర్ చెరోకీ వంటి విమానాల్లో రెక్కలు కింద ఉంటాయి కాబట్టి పెట్రోలును పైకి లాగడానికి పంపులు కావాలి. ఇంజనుతో తిరిగే పంపు ఒకటి, అది ఆగితే ఆదుకోవడానికి కరెంటు పంపు ఇంకొకటి. 1996 తర్వాత వచ్చిన సెస్నా 172ల్లో కార్బ్యురేటర్ బదులు ఇంజెక్షన్ పద్ధతి ఉంది. అందులో ఒక్కో సిలిండరుకు ఒక్కో సన్నని నాజిల్ ద్వారా పెట్రోలు వెళుతుంది.

ఇంకొక ముఖ్యమైన భాగం వెంటు, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం. పెట్రోలు దిగినంత మేర లోపలికి గాలి రావాలి. నీళ్ళ క్యాను మూత బిగించి కింద కుళాయి విప్పితే కాసేపటికి ధార ఆగిపోతుంది కదా, వెంటు మూసుకుపోయిన ట్యాంకు పరిస్థితి కూడా అదే.

ఫిల్టరు దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు?

ఇంధనంలో చేరే శత్రువులు నాలుగు రకాలు.

మొదటిది నలుసులు. తుప్పు, ఇసుక, రబ్బరు ముక్కలు, గుడ్డ పీచు. వీటిని జల్లెడ ఆపుతుంది.

రెండవది నీరు. విమానాల పెట్రోలు లీటరు బరువు సుమారు 720 గ్రాములు, నీరు లీటరు ఒక కిలో. అందువల్ల నీరు అడుగుకు చేరుతుంది. ట్యాంకు మూత వాషరు పాడైతే వర్షపు నీరు దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ నీరవుతుంది. ముతక జల్లెడ నీటిని పూర్తిగా ఆపదు, అడుగు కుళాయి విప్పి వదలాల్సిందే. కొత్త సెస్నా 172 ఆర్, ఎస్ రకాలకు ఇలా వదిలే చోట్లు 13 ఉన్నాయి. ప్రతిరోజూ మొదటి ప్రయాణానికి ముందు, పెట్రోలు పోసిన ప్రతిసారీ వాటన్నిటి నుంచి నమూనా పట్టి చూడాలి.

మూడవది తప్పు ఇంధనం. పిస్టన్ ఇంజను విమానాలు వాడే 100 ఎల్‌ఎల్ పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిది, రంగు ఉండదు లేదా లేత గడ్డి రంగులో ఉంటుంది. పిస్టన్ ఇంజనుకు జెట్ ఇంధనం పోస్తే ఏ ఫిల్టరూ ఆపదు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తే పెట్రోలు ఆరిపోతుంది, జెట్ ఇంధనం జిడ్డు మరక మిగులుస్తుంది.

నాలుగవది కరిగిపోయిన రసాయనం. ఇది కంటికి కనపడదు, జల్లెడకు దొరకదు.

నమూనా పట్టినప్పుడు ఒక మోసం జరగవచ్చు. గాజు గొట్టం నిండా నీళ్ళే వస్తే పైన, కింద రెండు పొరలు కనిపించవు. అంతా తేటగా ఉంది, బాగుంది అనుకునే ప్రమాదం ఉంది. అందుకే తేటదనం ఒక్కటే చాలదు. నీలం రంగు ఉందా, పెట్రోలు వాసన వస్తోందా అని కూడా చూడాలి.

ఫిల్టరు ఎంపికలో చూడవలసినవి

జల్లెడ సన్నదనాన్ని మైక్రాన్లలో చెబుతారు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ముడతలు పెట్టిన కాగితం ఫిల్టరు 10 మైక్రాన్ల నలుసును కూడా పట్టగలదు. అయితే ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా? కాదు. సన్నని ఫిల్టరు త్వరగా నిండుతుంది, ఇంధనానికి ఎక్కువ అడ్డు వస్తుంది. ఒక మీటరు ఎత్తు నుంచి దిగే పెట్రోలుకు ఉండే ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు మాత్రమే. ఆ కొద్ది ఒత్తిడిలోనే ఫిల్టరు దాటి, గొట్టం దాటి, ఇంజనుకు సరిపడా చేరాలి. అందుకే పంపు లేని వ్యవస్థలో కడిగి వాడుకునే తీగ జల్లెడలే ఎక్కువ. సన్నని ఫిల్టర్లు పంపు ఉన్న చోట, ఇంజెక్షన్ ఉన్న చోట పనికొస్తాయి.

ఎంపికలో వరుసగా అడగవలసిన ప్రశ్నలు ఇవి.

1. ఆమోదం ఉందా? ధ్రువీకరణ పొందిన విమానానికి తయారీదారు విడిభాగాల పుస్తకంలో ఉన్న నంబరు గల ఫిల్టరు గాని, దానికి బదులుగా అధికారికంగా ఆమోదించినది గాని మాత్రమే వేయాలి. కారు ఫిల్టరు సైజు సరిపోయినా వేయకూడదు. ఇంజను పక్కన వేడికి, అదురుకు, నిప్పుకు దాని ప్లాస్టిక్ ఒళ్ళు తట్టుకుంటుందని ఎవరూ పరీక్షించలేదు.

2. నిండుగా ప్రవాహం ఇస్తుందా? కొత్తగా ఉన్నప్పుడే కాదు, కొంత మురికి పట్టాక కూడా ఇవ్వాలి. అంటే జల్లెడ వైశాల్యం ఎక్కువ ఉండాలి.

3. వాడే ఇంధనానికి ఓర్చుకుంటుందా? ముఖ్యంగా వాషర్లు, గొట్టాలు.

4. మూసుకుపోతే ఏమవుతుంది? కొన్ని ఫిల్టర్లలో పక్కదారి కవాటం ఉంటుంది. ఫిల్టరు నిండితే అది తెరుచుకుని వడకట్టని ఇంధనాన్ని పంపుతుంది. మురికి ఇంధనమైనా అసలు లేకపోవడం కంటే నయమని ఈ ఏర్పాటు. ఈ కవాటం లేని ఫిల్టరైతే శుభ్రం చేసే గడువు ఒక్కరోజు కూడా దాటనివ్వకూడదు.

5. చేయి అందుతుందా? విప్పడానికి కష్టమైన చోట ఉన్న ఫిల్టరును ఎవరూ తరచుగా విప్పరు. ఇది మనుషుల స్వభావం, యంత్రానికి సంబంధించినది కాదు.

బిగించేటప్పుడు ప్రవాహం దిశ చూపే బాణం గుర్తు చూడాలి. పాత వాషరు మళ్ళీ వేయకూడదు. సేఫ్టీ వైరు తప్పనిసరి. చివరగా ఇంజను నడిపి కారడం లేదని చూసి, లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

లీటరు పాత్ర లెక్క

ఇంధనం సరిగా అందుతోందా లేదా అనేది ఊహతో చెప్పనక్కరలేదు, కొలవవచ్చు. పైన చెప్పిన పార్ట్ 23 నిబంధనలే దీనికీ కొలత ఇచ్చాయి. బరువు వల్ల దిగే వ్యవస్థ, టేకాఫ్‌లో ఇంజను తాగే దానికి 150 శాతం ఇవ్వగలగాలి. పంపు వ్యవస్థ 125 శాతం ఇవ్వాలి.

ఒక ఇంజను టేకాఫ్‌లో గంటకు 48 లీటర్లు తాగుతుందని లెక్క కోసం అనుకుందాం. 150 శాతం అంటే గంటకు 72 లీటర్లు, నిమిషానికి లీటరుం బావు కంటే కాస్త తక్కువగా 1.2 లీటర్లు. అంటే కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి పడితే లీటరు పాత్ర 50 సెకన్లలో నిండాలి. పంపు వ్యవస్థలో 125 శాతం అంటే గంటకు 60 లీటర్లు, లీటరు పాత్ర నిమిషంలో నిండాలి. ఇంతకంటే ఎక్కువ సమయం పడితే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఎడమ ట్యాంకుకు, కుడి ట్యాంకుకు విడివిడిగా చూస్తే అడ్డు ఏ వైపో కూడా తెలిసిపోతుంది. ఇంటర్ గణితం చాలు, ఒక గడియారం చాలు.

ఈ పరీక్ష లైసెన్సు ఉన్న ఇంజనీరు సమక్షంలో, ఆరుబయట, విమానాన్ని, లోహపు పాత్రను ఎర్తింగు తీగతో కలిపి, అగ్నిమాపక సిలిండరు పక్కన పెట్టుకుని చేయాలి. ప్లాస్టిక్ బకెట్టులోకి పెట్రోలు పట్టడం వల్ల స్థిర విద్యుత్తు పుట్టి నిప్పు రవ్వ లేవవచ్చు.

లోపం ఎక్కడుంది?

ఇంజను తడబడింది అనగానే ఫిల్టరు విప్పకూడదు. ముందు పైలటును అడగాలి. ఏ ట్యాంకు మీద ఉంది? ఎంతసేపు ఎగిరాక మొదలైంది? ఏ ఎత్తులో? వాతావరణం ఎలా ఉంది? ట్యాంకు మార్చితే బాగుపడిందా? వైద్యుడు రోగిని అడిగినట్టు అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ప్లగ్గులు, మాగ్నెటోలు బాగున్నాయని కూడా ముందే రూఢి చేసుకోవాలి.

- తక్కువ వేగంలో బాగుంది, పూర్తి శక్తి అడిగితే తడబడుతోంది: ఫిల్టరు సగం మూసుకుంది, లేదా గొట్టం లోపలి పొర ఊడి అడ్డం పడింది. పైనుంచి గొట్టం చక్కగా కనిపించినా లోపల చీలి ఉండవచ్చు.

- కొంతసేపు బాగా ఎగిరి తర్వాత ఆగింది, ట్యాంకు మార్చగానే నడిచింది: ఆ ట్యాంకు వెంటు చూడాలి. మూత తీసినప్పుడు గాలి సుయ్యిమని లోపలికి పీల్చుకుంటే అనుమానం రూఢి అయినట్టే. ఆరుబయట నిలిపిన విమానాల వెంటు గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కడతాయి.

- మండుటెండలో, ఇంజను ఆపి కాసేపటికి మళ్ళీ స్టార్టు చేస్తే తడబడుతోంది: గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు అడ్డం పడ్డాయి. ఫిల్టరు మార్చితే ఇది పోదు. గొట్టాల మీది వేడి కవచాలు చూడాలి, తయారీదారు చెప్పిన వేడి స్టార్టు పద్ధతి పాటించాలి.

- తేమ గాలిలో, శక్తి తగ్గించి దిగుతున్నప్పుడు ఇంజను వేగం మెల్లగా పడిపోయింది: కార్బ్యురేటర్‌లో మంచు. బయట 20 డిగ్రీల వెచ్చదనం ఉన్నా ఇది జరగవచ్చు, ఎందుకంటే పెట్రోలు ఆవిరయ్యే చోట గాలి బాగా చల్లబడుతుంది. విమానం దిగి షెడ్డుకు వచ్చేసరికి మంచు కరిగిపోయి సాక్ష్యం మాయమవుతుంది. మెకానిక్ ఎంత వెతికినా ఏమీ దొరకదు.

- ఇంజెక్షన్ ఇంజను అదురుతోంది, కాని ఇంధన ప్రవాహం మీటరు మామూలు కంటే ఎక్కువ చూపిస్తోంది: నాజిల్ మూసుకుంది. ఇది వింతగా ఉంటుంది. పాత రకం మీటరు నిజానికి కొలిచేది ఒత్తిడిని. దారి మూసుకుంటే ఒత్తిడి పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. నాజిళ్ళన్నిటినీ విప్పి ఒకే సైజు గాజు సీసాల్లోకి ఒకేసారి పట్టి చూస్తే తక్కువ నిండిన సీసా దొంగను పట్టిస్తుంది.

ఫిల్టరులో దొరికింది పారేయవద్దు

మేము ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఫిల్టరు విప్పి, కడిగి, బిగించడం సగం పని. అందులో ఏం దొరికిందో చూసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం మిగతా సగం. మురికిని తెల్ల గుడ్డ మీద పరచి భూతద్దంతో చూడాలి. ఎర్ర తుప్పు అయితే ఇనుప డ్రమ్ము లేదా నిల్వ ట్యాంకు. నల్లటి రబ్బరు పొరలైతే గొట్టం. తెల్లటి పొడి అయితే నీటి వల్ల అల్యూమినియం తినేసిన గుర్తు. జిగురు ముక్కలైతే ట్యాంకు అతుకుల సీలెంటు. పీచు అయితే ఎవరో మెకానిక్ వాడిన గుడ్డ. మూలం కనిపెట్టకుండా జల్లెడ మాత్రం కడిగి బిగిస్తే అదే మురికి మళ్ళీ వస్తుంది, ఈసారి గాలిలో ఉన్నప్పుడు రావచ్చు.

దీనికి రెండు నిజమైన సంఘటనలు చెబుతాం.

1999 చివర్లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి ఆల్టోనా రిఫైనరీలో మొబిల్ సంస్థ తయారుచేసిన విమాన పెట్రోలులో ఇథిలీన్ డయామైన్ అనే రసాయనం కొద్దిగా మిగిలిపోయింది. పెట్రోలు మామూలు పెట్రోలులాగే ఉంది. కాని ఆ రసాయనం విమానంలోని రాగి, ఇత్తడి భాగాలతో కలిసి నల్లటి జిగురుగా మారింది. 2000 జనవరిలో తూర్పు ఆస్ట్రేలియాలో వేలాది చిన్న విమానాలు ఎగరకుండా ఆగిపోయాయి. ఇక్కడ జిగురును కడిగేసి ఊరుకుంటే సరిపోయేది కాదు. అది ఏమిటి, ఎలా వచ్చింది అని అడిగితేనే రిఫైనరీ దాకా దారి కనిపించింది.

రెండవది పెద్ద విమానం కథ. 2010 ఏప్రిల్ 13న ఇండోనేషియాలోని సురబయ నుంచి హాంకాంగ్ వెళుతున్న కెథే పసిఫిక్ విమానంలో రెండు ఇంజన్లూ అదుపు తప్పాయి. ఒక ఇంజను ఎక్కువ శక్తి దగ్గరే ఇరుక్కుపోవడంతో మామూలు కంటే చాలా వేగంగా దిగాల్సి వచ్చింది. 322 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, నేల మీద ఇంధనం నింపే చోట నీటిని పీల్చడానికి పెట్టిన ఫిల్టర్లలోని పదార్థమే, ఉప్పు నీరు తగిలి, సన్నని గుండ్లుగా విడిపోయి ఇంజన్లలోకి చేరింది. మురికిని ఆపవలసిన ఫిల్టరే మురికి అయింది. ఫిల్టరు ఉంది కదా అని కళ్ళు మూసుకోకూడదని దీని పాఠం.

మన దగ్గర

విమాన పెట్రోలు 100 ఎల్‌ఎల్‌ను మన దేశం చాలాకాలం దిగుమతి చేసుకుంది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీలో తయారైన స్వదేశీ పెట్రోలును విడుదల చేసింది. ఎన్‌సీసీ వైమానిక విభాగం కేడెట్లు ఎక్కే వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 మైక్రోలైటులో రోటాక్స్ 912 ఇంజను ఉంటుంది. ఈ జాతి ఇంజన్లు కార్ల పెట్రోలుతో కూడా నడుస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. 2025 నాటికి మన బంకుల పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలులోకి వచ్చింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ఎంత శాతం దాకా అనుమతి ఉందో ఇంజను పుస్తకంలో చూడకుండా బంకు పెట్రోలు పోయకూడదు.

ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోవాలి. విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సును డీజీసీఏ ఇస్తుంది. పిస్టన్ ఇంజను విమానాలకు సంబంధించిన విభాగం పేరు బి1.2. పరీక్షలతో పాటు చేతిపని అనుభవం కూడా చూపాలి. సంస్థలో చేరే ముందు దానికి డీజీసీఏ ఆమోదం ఉందో లేదో డీజీసీఏ జాబితాలో మీరే చూసుకోండి. సంస్థవారి కరపత్రం నమ్మి ఇంట్లో అప్పు చేయించవద్దు. సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, డీజీసీఏ లైసెన్సు వేరు.

విమానం ఎగిరేటప్పుడు అందరూ పైలటును చూస్తారు. తెల్లవారుజామున చిన్న గాజు గొట్టంలో పెట్రోలు పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, అనుమానం వస్తే ఈ రోజు ఎగరవద్దు అని చెప్పే మనిషిని ఎవరూ చూడరు. ఆ మాట చెప్పే అధికారం అతని సంతకానికి ఉంది. ఆ సంతకం పెట్టగలిగే స్థాయికి మన హాస్టళ్ళ పిల్లలు చేరాలని కోరుకుంటున్నాం.